పీసీఓఎస్: హార్మోన్ల వెనుక నివురుగప్పిన నిప్పు

నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, గడ్డం మీద, పైపెదవి మీద వెంట్రుకలు మొలవడం, మొటిమలు ఎంతకీ తగ్గకపోవడం. ఈ లక్షణాలతో డాక్టరు దగ్గరికి వెళ్లిన అమ్మాయిలు తరచుగా వినే మాట పీసీఓఎస్, అంటే పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. పునరుత్పత్తి వయసులో ఉన్న ప్రతి 100 మంది స్త్రీలలో 8 నుంచి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 70 శాతం దాకా తమకు ఈ సమస్య ఉందన్న సంగతే తెలియదు.

‘అండాశయంలో నీటి బుడగలు’ అని వాడుకలో చెప్పుకుంటున్నా, ఇది అండాశయానికే పరిమితమైన సమస్య కాదు. స్కానింగ్‌లో కనిపించే ఆ బుడగలు గడ్డలూ కావు. ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండపుటికలు అవి. అవి ఎందుకు ఆగిపోతున్నాయో తెలియాలంటే ముందు హార్మోన్ల సంగతి చూడాలి.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను విడుదల చేస్తుంది. ఎల్‌హెచ్ ప్రేరణతో అండాశయంలోని థీకా కణాలు ఆండ్రోజెన్లను తయారు చేస్తాయి. మనం పురుష హార్మోన్లని పిలిచేది వీటినే. ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రేరణతో పక్కనే ఉన్న గ్రాన్యులోజా కణాలు వాటిని ఈస్ట్రోజెన్‌గా మారుస్తాయి. అంటే టెస్టోస్టిరాన్ ప్రతి స్త్రీ శరీరంలోనూ ఉంటుంది. తేడా మోతాదులోనే.

పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఎల్‌హెచ్ ఎక్కువగా ఉంటుంది. దానికి ఇన్సులిన్ తోడవుతుంది. కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే క్లోమం మరింత ఇన్సులిన్‌ను పంపుతుంది. అండాశయం మాత్రం దానికి స్పందిస్తూనే ఉంటుంది కాబట్టి ఆండ్రోజెన్ల తయారీ పెరుగుతుంది. మరోవైపు కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తగ్గుతుంది. రక్తంలో టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచేది ఈ ప్రొటీనే. అది తగ్గితే విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ ఎక్కువవుతుంది. అందుకే రిపోర్టులో మొత్తం టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉన్నా అవాంఛిత రోమాలు రావచ్చు.

నొప్పి లేని ఇన్‌ఫ్లమేషన్

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వాచి, నొప్పి పెడుతుంది. రోగనిరోధక వ్యవస్థ చేసే ఈ మరమ్మతునే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. పని పూర్తి కాగానే అది చల్లారుతుంది. పీసీఓఎస్‌లో కనిపించేది వేరు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. తక్కువ స్థాయిలో ఏళ్ల తరబడి సాగుతుంది.

దీన్ని పట్టిచ్చే ఆనవాళ్లలో ముఖ్యమైనది కాలేయం తయారు చేసే సీ-రియాక్టివ్ ప్రొటీన్, అంటే సీఆర్‌పీ. పీసీఓఎస్ ఉన్నవారిలో ఇది ఎక్కువగా ఉందని 2001లో బ్రిటన్ పరిశోధకులు గుర్తించారు. తర్వాత వచ్చిన పలు అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి విశ్లేషించగా, పీసీఓఎస్ లేనివారితో పోలిస్తే వీరిలో సీఆర్‌పీ సగటున 96 శాతం ఎక్కువని తేలింది. బరువులో తేడాలున్న అధ్యయనాలను పక్కన పెట్టినా ఆ వ్యత్యాసం పోలేదు. అయితే ఐఎల్-6, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి ఇతర సూచికల్లో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు.

ఒకదాన్నొకటి పెంచే వలయం

హార్మోన్లకూ ఇన్‌ఫ్లమేషన్‌కూ లంకె ఎక్కడుంది? పొట్ట భాగంలో పేరుకున్న కొవ్వు నిల్వ సరుకు మాత్రమే కాదు, ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలను విడుదల చేసే కణజాలం కూడా. ఆ సంకేతాల్లో ఒకటైన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, కణం లోపల ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. దాంతో ఇన్సులిన్ పెరుగుతుంది, దాని వెంట ఆండ్రోజెన్లు పెరుగుతాయి. ఆండ్రోజెన్లు ఎక్కువైతే కొవ్వు పొట్ట చుట్టూ చేరే ధోరణి పెరుగుతుంది. అక్కడితో కథ మళ్లీ మొదటికొస్తుంది.

సన్నగా ఉన్నవారికీ ఇది తప్పదు. గ్లూకోజ్ తాగించి చేసిన పరీక్షల్లో, బరువు మామూలుగానే ఉన్న పీసీఓఎస్ స్త్రీల తెల్ల రక్తకణాల్లో కూడా ఇన్‌ఫ్లమేషన్ స్పందన కనిపించింది. కాబట్టి ‘నువ్వు లావుగా లేవుగా, నీకెందుకు వస్తుంది’ అన్న మాటకు శాస్త్రం ఆధారం లేదు. తక్కువ బరువులోనే ఇన్సులిన్ నిరోధకత కనిపించే మన దక్షిణాసియా వాసులు దీన్ని మరింత గుర్తుంచుకోవాలి.

సీఆర్‌పీ పరీక్ష చేయించుకోవాలా?

పీసీఓఎస్ నిర్ధారణకు ఆ పరీక్ష అక్కర్లేదు. జలుబు, పంటి చిగుళ్ల వాపు వంటివాటితోనూ సీఆర్‌పీ పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోనూ పెరుగుతుంది. పెద్దవారిలో అండం సరిగా విడుదల కాకపోవడం, ఆండ్రోజెన్లు ఎక్కువ కావడం, స్కానింగ్‌లో అండపుటికలు ఎక్కువగా కనిపించడం అనే మూడింటిలో కనీసం రెండు ఉండాలి. ఇలాంటి లక్షణాలు కలిగించే థైరాయిడ్ వంటి ఇతర సమస్యలు లేవని కూడా తేల్చుకోవాలి. స్కానింగ్‌కు బదులు ఏఎంహెచ్ రక్తపరీక్షను 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు అనుమతించాయి. రజస్వల అయిన తొలి 8 ఏళ్లలో మాత్రం స్కానింగ్ మీద గానీ ఏఎంహెచ్ మీద గానీ ఆధారపడకూడదని అవే చెబుతున్నాయి. ఆ వయసులో ఆరోగ్యవంతుల అండాశయాల్లోనూ బుడగలు కనిపించడమే కారణం.

‘ఇన్‌ఫ్లమేషన్ తగ్గించి పీసీఓఎస్‌ను నయం చేస్తాం’ అంటూ అమ్మే పొడులు, కషాయాల విషయంలో జాగ్రత్త అవసరం. పీసీఓఎస్‌ను పూర్తిగా మాయం చేసే మందు లేదు. కానీ అదుపులో పెట్టే మార్గాలున్నాయి. క్రమం తప్పని వ్యాయామం, చాలినంత నిద్ర ఇన్సులిన్ పనితీరును మెరుగుపరుస్తాయి. అధిక బరువున్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి గాడిన పడుతుంది. అవసరాన్ని బట్టి మెట్‌ఫార్మిన్, హార్మోన్ మాత్రలు, పిల్లలు కావాలనుకునేవారికి లెట్రోజోల్ వంటివి వైద్యులు సూచిస్తారు.

ఏడాదికి 8 కంటే తక్కువ సార్లు నెలసరి వస్తుంటే ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అని వదిలేయకూడదు. మధుమేహం, అధిక రక్తపోటు, గర్భాశయ లోపొర క్యాన్సర్ ముప్పు వీరిలో ఎక్కువ. పీసీఓఎస్ ఉందని తేలినప్పుడు సంతానం గురించే కాక, రక్తంలో చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్ గురించీ, మానసిక ఆందోళన గురించీ డాక్టరుతో మాట్లాడాలి.