శరదృతువులో శ్రావక గృహము: సాయంకాల భోజనము

శ్రావక కుటుంబమునకు నియమ పరీక్ష చాతుర్మాస్య ఆరంభమున రాదు. ఆషాఢ మాసములో వానలు పడుచుండును, దుకాణములో బేరము మందముగా నుండును, పొద్దు చాలసేపు నిలుచును. అప్పుడు తీసికొనిన నియమము తేలికగానే సాగును. భాద్రపదము దాటి ఆశ్వయుజ కార్తికములు వచ్చునప్పటికి పొద్దు తగ్గును, పని పెరుగును. ఈ రెండును ఒకే ఇంటిమీద ఒకే నెలలో వచ్చి పడును. ఆ భారము ఎవరి తలమీద నిలుచుచున్నది, దానిని గురించి శాస్త్రమేమి చెప్పుచున్నది, పిల్లలు గల పెద్ద కుటుంబములు దానిని ఎట్లు దాటుచున్నవి అనునది ఇందు విచారింపదగిన విషయము.

ఇందుకు చంద్రపురము జిల్లాలో మాణిక్‌గఢ్ కొండలమీద నున్న జివతిని ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఈ కొండ ప్రాంతము పూర్వపు రాజురా తాలూకాలోనిది. రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో ఉండెడిది. ఆ సంవత్సరము నాందేడు జిల్లాకును, 1959లో చంద్రపురము జిల్లాకును మారినది. నేడు జివతియే ఒక తాలూకా కేంద్రము. పరందోలి, ముకదంగూడ మొదలైన 14 గ్రామములు మావంటే మావని తెలంగాణ, మహారాష్ట్రలు రెండును అనుచున్నవి. అంగడిలో తెలుగు, మరాఠీ, గోండీ, కొలామీ, లంబాడీ మాటలు కలిసి వినబడును. ఇట్టిచోట వ్యాపారము చేయువాడు ఏ భాషలో అడిగిన ఆ భాషలో ధర చెప్పవలెను.

ఈ కొండలలో పత్తి ప్రధానమైన పంట. ఆశ్వయుజమునుండి పత్తి తీయుట మొదలగును. రైతు చేతికి నాలుగు రూపాయలు వచ్చు కాలమిదియే. ఉద్దర తీర్చువారు, బట్టలు కొనువారు, నూనె పప్పులు కొనువారు అందరును అప్పుడే వత్తురు. దీపావళికి ముందు గోండులు దండారి ఆడుదురు. ఆ పండుగకు కావలసిన సరకులకును అంగడికే రావలెను. కొండ గూడెమునుండి నడిచి వచ్చినవాడు మధ్యాహ్నమునకు ఊరు చేరి, బేరమంతయు ముగించునప్పటికి సాయంకాలమగును. అనగా దుకాణములో రద్దీ హెచ్చు గంటయు, ఇంటిలో పొయ్యి దింపవలసిన గంటయు ఒక్కటియే.

ఇప్పుడు సూర్యుని లెక్క చూడవలెను. 2025వ సంవత్సరమున శ్వేతాంబరులలో పలువురు సంవత్సరిని ఆగస్టు 27న జరిపిరి. ఆనాడు జివతిలో సూర్యాస్తమయము సుమారు 6-33కు. చాతుర్మాస్యము ముగిసిన కార్తిక పూర్ణిమ నవంబరు 5న వచ్చినది. ఆనాటి అస్తమయము సుమారు 5-37కు. కొండ అడ్డమున్న ఇంటికి సూర్యుడు ఇంకను ముందే కనబడకపోవును గాని అది వేరు మాట. డెబ్బది దినములలో దాదాపు ఒక గంట పోయినది. దినమునకు ముక్కాలు నిమిషము చొప్పున పోవుటచేత పోయినట్లు ఎవరికిని తోచదు. ఒకనాడు రొట్టె పెనముమీద ఉండగానే బయట చీకటి పడినప్పుడు మాత్రమే తెలియును.

రాత్రి భోజన త్యాగమును అందరు ఒకే విధముగా పాటింపరు. అస్తమయమునకు రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు ముందే భోజనము ముగించువారు కొందరు. అస్తమయము వరకు కాలము కలదనువారు కొందరు. మొదటి పద్ధతిని పట్టినచో సంవత్సరినాడు 5-45 లోపల, కార్తిక పూర్ణిమనాడు 4-50 లోపల చేయి కడుగవలెను. బడి ఐదు గంటలకు విడుచుచోట పిల్లవాడు కార్తికములో ఈ నియమమును ఇంటివద్ద పాటించుట అసాధ్యము. రెండవ పద్ధతిలోనైనను బడి గంటకును అస్తమయమునకును నడుమ ఉన్నవి 37 నిమిషములే. అందులో పిల్లవాడు ఇల్లు చేరవలెను, కాళ్ళు చేతులు కడుగవలెను, తినవలెను. తినుచుండగా తల్లి వానిని “తొందరగా కానీ, తొందరగా కానీ” అని తరుముచుండును. చాల ఇండ్లలో పిల్లలకు ఈ నియమము గురించి మొదట జ్ఞాపకమునకు వచ్చునది ఆ తరుముటయే.

ఆ ఇంటిలో పురుషులెక్కడ నున్నారు? గల్లాముందు. పెద్ద కుటుంబమొకటి అనుకొన్నచో, అందులో అత్తమామలు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, నలుగురు పిల్లలు ఉందురు. మామగారు చౌవిహారము పట్టినవారు. అస్తమయము తరువాత మంచినీరు కూడ ముట్టరు. అత్తగారు ఓళీలో ఆయంబిలము చేయుచున్నారు. పెద్దకొడుకు “గిరాకీ ఉన్నది, ఇప్పుడే వత్తును” అని కబురు పంపి ఎనిమిదింటికి వచ్చును. అతనికి మరల వేడిచేసి వడ్డింపవలెను. చిన్నకోడలు మూడున్నరకు పొయ్యి ముందు కూర్చున్నది తొమ్మిదింటికి గాని వంటయిల్లు కడుగదు. ఆమె తాను తినుటకు మాత్రము సూర్యుడుండగా వ్యవధి దొరకలేదు. ఆమె ఉపవాసముగా పండుకొనును. ఆ ఉపవాసము ఎవరి లెక్కలోను చేరదు.

అప్పుడు ఎనిమిదేండ్ల బాలుడు అడుగును: “బాపు రాత్రి తింటున్నాడు గదా నానమ్మా, నాకెందుకు వద్దు?”

“మీ బాపు తిన్నది మీ బాపు ఖాతాలో, నువ్వు తిన్నది నీ ఖాతాలో” అని ఆమె చెప్పును. వ్యాపారస్థుని ఇంటికి తగిన జవాబే. పిల్లవాడు నోరు మూసికొనును గాని సమాధానపడడు. తాను పెద్దవాడైన తరువాత ఈ నియమము పోవునని అతడు ఆనాడే లెక్క వేసికొనును.

ఇచ్చట ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము సప్తమాధ్యాయమును చూడవలెను. అందు అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాన నిరోధము. సమంతభద్రాచార్యుని రత్నకరండక శ్రావకాచారమందును ఈ ఐదే వేరు మాటలలో కలవు. కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయలేని బరువు వేయుట, తిండి నీళ్ళు ఆపుట అని వీని అర్థము. బండికి కట్టిన ఎద్దును గురించియే ఇవి చెప్పబడినవని చాలమంది చదివి విడుతురు. ఎద్దు మాట నిజమే. కాని తన అధీనములో నున్న ఏ ప్రాణికైనను ఇది వర్తించును. పనిమనుష్యులును, ఇంటివారును అందులోనివారే.

ఇట్లు చూచినచో ఒక చిక్కు బయటపడును. రాత్రి భోజన త్యాగమునకు మూలము అహింస. దానిని నిలుపుటకై ఒక కోడలి నెత్తిన ఇంటెడు చాకిరి వేసి, ఆమెకు తినుటకు కాలము లేకుండ చేసినచో, నాలుగవ అతిచారమును ఐదవ అతిచారమును కలిసి ఆ వంటయింటిలోనే జరుగుచున్నవి. మామగారి చౌవిహారము చెక్కు చెదరలేదు. ఇంటి అహింసావ్రతమునకు మాత్రము ఛిద్రము పడినది. దుకాణము ఒక గంట మూసినచో ఎంత బేరము పోవునో వ్యాపారి నోటిలెక్కగా చెప్పగలడు. సూర్యుడు తగ్గించిన గంట ఇంటిలో ఎవరి ఒంటినుండి వసూలగుచున్నదో మాత్రము ఏ చిట్టాలోను వ్రాయడు.

గుమాస్తా సంగతియు ఇట్టిదే. అతడు జైనుడు కాకపోవచ్చును, రాత్రి తినుట అతనికి దోషము కాకపోవచ్చును. కాని యజమాని ఐదుంపావుకు డబ్బా విప్పి తిని, ఆకలితో నున్న గుమాస్తాను తొమ్మిది వరకు తూకముముందు నిలిపినచో ఆ భోజనము శుద్ధమైనదని చెప్పుట కష్టము.

దీనికి ఉపాయములు లేకపోలేదు. మొదటిది వంటను పొద్దున్నకు జరుపుట. వండిన దినమే తిన్న ఆహారము బాసీ కాదు గనుక, జొన్నరొట్టెలును కందిపప్పును మధ్యాహ్నము వంటతోబాటే రెండు పూటలకు సరిపడ చేయవచ్చును. సాయంకాలము ఒక కిచిడీ, లేక కఢీ మాత్రము దింపిన చాలును. సాయంకాలము పొయ్యిమీదినుండి వేడి వేడిగా రావలెనని పట్టుపట్టువారు సాధారణముగా పొయ్యి వెలిగించువారు కారు.

రెండవది దుకాణములో వంతులు. అన్నదమ్ములిద్దరున్నచో ఒకడు ఐదింటికి ఇంటికి వచ్చి పిల్లలతో కూర్చుండి తిని, డబ్బా తీసికొని వెళ్ళి రెండవవానిని లేపవలెను. మరునాడు వంతు మారవలెను. ఒంటరివాడైనచో సంతలేని దినములలోనైన ముప్పది నిమిషములు తెర దింపుట మేలు. శ్రావకుని శిక్షావ్రతములలో దేశావకాశికము అని ఒకటి కలదు. కొంతకాలమునకు తాను తిరుగు చోటునకు హద్దు గీసికొనుట దాని స్వరూపము. ఆ ముప్పది నిమిషములు “ఇంటి గడప దాటను” అని హద్దు గీసికొన్నచో తెర దింపుట సిగ్గుగా తోచదు. గిరాకీ పోవునను భయము అంత నిజము కాదు. నమాజుకు లేచిన దుకాణదారుకొరకు జనులు నిలుచుచున్నారు గదా.

మూడవది బడి పిల్లల విషయము. రెండవ డబ్బా ఒకటి ఇచ్చుట మేలు; ఖాఖ్రా, మరమరాలు, వేయించిన సెనగలు ఏవైన కావచ్చును. సాయంకాలపు తొలి ఆకలి బడిలోనే తీరినచో ఇంటివద్ద తరుముట తప్పును. పచ్చఖాణము తీసికొనినవారికే అది నియమము. చిన్నపిల్లలు, రోగులు, గర్భిణులు, బాలింతలు దాని కట్టులో లేరు. మెట్లును ఉన్నవి. అశనము, పానము, ఖాదిమము, స్వాదిమము నాల్గింటిని విడుచుట చౌవిహారము. నీరు మాత్రము ఉంచుకొనుట తివిహారము. ఎనిమిదేండ్లవానికి చౌవిహారము చెప్పి నడిరాత్రి దొంగతనముగా నీళ్ళు త్రాగునట్లు చేయుటకన్న, అష్టమి చతుర్దశులకు తివిహారము చెప్పి వానిచే సంతోషముగా చేయించుట సరియైన దారి. దానిని తండ్రికూడ ఆనాడు చేయవలెను. ఇది పై ఉపాయములన్నిటికంటె కష్టమైనది.

సరిహద్దు ఊళ్ళలో మరియొక చిక్కు కలదు. తెలంగాణలో బడులకు బతుకమ్మ, దసరాలకు పెద్ద సెలవులు; మహారాష్ట్రములో దీపావళికి పెద్ద సెలవులు. ఆసిఫాబాదు వైపునుండి ఆడబిడ్డ పిల్లలతో దసరాకు వచ్చును. అప్పటికి ఇక్కడి పిల్లలకు ప్రథమ సత్ర పరీక్షలు దగ్గరపడియుండును. ఒక గదిలో నలుగురు ఆడుచుందురు, మరియొక గదిలో నలుగురు చదువుచుందురు; అరగంటలో ఎనిమిదిమందియు ఆడుచుందురు. ఆశ్వయుజ శుద్ధ సప్తమినుండి పూర్ణిమవరకు జరుగు నవపద ఓళీ కూడ ఇదే పక్షములో పడును. నూనె, నెయ్యి, పాలు, పెరుగు, బెల్లము లేని ఆయంబిలపు వంట ఒక ప్రక్క, మేనల్లుళ్ళకు మిఠాయి ఒక ప్రక్క. ఆడబిడ్డ వచ్చి కూర్చుండక, “వదినా, రొట్టెలు నేను చేస్తాను, నువ్వు ముందు తిను” అన్న ఇల్లు గట్టెక్కును. ఇట్టి ఆడబిడ్డలు లేకపోలేదు.

జ్వరముల మాట కూడ చెప్పవలెను. వానలు వెనుకపట్టిన తరువాత ఈ అడవి జిల్లాలలో మలేరియా కనబడును. దోమలను చంపుట ఎట్లని సంకోచించు ఇండ్లలో దోమలు పుట్టకుండ చేయుటకు అభ్యంతరమేమియు లేదు: తొట్టెలలో నీరు నిలువ నీయకుండుట, కుండలకు మూతలు పెట్టుట, తెర కట్టుకొని పండుకొనుట. యతన అనునది ఇదియే. చాతుర్మాస్యములో నీరు గాలించి కాచి త్రాగు ఆచారము పిల్లల కడుపునకు మేలు చేయుచున్నది. జ్వరము తగిలిన పిల్లవానికి వైద్యుడు రాత్రి మందు ఇమ్మన్నచో ఇయ్యవలెను; దీనిలో చర్చ లేదు.

దీపావళి అమావాస్యనాడు మహావీర స్వామి పావాపురిలో నిర్వాణము చెందెనని సంప్రదాయము. వీర నిర్వాణ సంవత్ ఆ మరునాటినుండియే మారును. 2025 దీపావళితో 2552 వచ్చినది. ఆ రాత్రి దుకాణములో క్రొత్త ఖాతాలకు పూజ జరుగును. ఐదవనాడు జ్ఞానపంచమికి పిల్లల పుస్తకములకు పూజ. పూజ రాత్రి జరుగునప్పుడు నైవేద్యపు మిఠాయిని పిల్లల కెదురుగా పెట్టి “రేపు తినండి” అనుట వారికి ఏటేటా వచ్చు పెద్ద పరీక్ష. కొన్ని ఇండ్లలో ఈ మిఠాయిని సాయంకాలము నాలుగింటికే పంచి, రాత్రి పూజలో బియ్యము, తమలపాకు మాత్రము ఉంచుచున్నారు. పిల్లలు గల ఇంటికి ఇది తెలివైన పద్ధతి.

కార్తిక పూర్ణిమతో సాధు సాధ్వీలు విహారము ప్రారంభింతురు. ఈ ప్రాంతపు కుటుంబములకు భద్రావతి పార్శ్వనాథ మందిరము దగ్గరి తీర్థము. చాతుర్మాస్యమున విడిచిన ఆకుకూరలు మరల వంటయింటికి వచ్చును. చాతుర్మాస్యము ముగిసినను సాయంకాలపు ఇరుకు ముగియదు. నవంబరు చివరి వారము వరకు అస్తమయము ఇంకను సుమారు నాలుగు నిమిషములు వెనుకకు జరుగును. ఆ పిమ్మట సాయంకాలము మెల్లగా పెరుగ నారంభించును. కాని ఉదయము జనవరి నడిమి వరకు ఆలస్యమగుచునే యుండును. అప్పుడు జివతిలో సూర్యోదయము సుమారు 6-50కి. దానిపై 48 నిమిషములు గడచిన గాని నవకారసీ పూర్తికాదు. అనగా 7-38 వరకు పాలగ్లాసు ముట్టరాదు. ప్రొద్దుటి బడికి పోవు పిల్లలున్న ఇంటిలో తల్లి మరల గడియారమువైపు చూడవలసివచ్చును.