పిల్లల్ని హోమ్‌లో వెయ్యమంటున్నరు, వెయ్యాల్నా?
అమీర్‌పేట, పంజాగుట్ట పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: అక్కా, మా ఆయన పోయి ఏడాదైతున్నది. అమీర్‌పేటల ఒక లేడీస్ హాస్టల్ల వంట చేస్తున్న. నెలకు ఏడున్నర వేలు, రెండు పూటల తిండి. పొద్దుగాల నాలుగింటికే పొయ్యి ముట్టియ్యాలె. పాప నాలుగో తరగతి, బాబుకు ఆరేండ్లు. పిల్లల్ని హాస్టల్‌కు తేవద్దంటున్నది ఓనరమ్మ. తెలిసినాయన ఒకరు ‘ఇద్దర్నీ హోమ్‌ల వెయ్యి, తిండి, చదువు వాళ్ళే చూసుకుంటరు’ అంటున్నడు. వెయ్యాల్నా?
- ఒక తల్లి, అమీర్‌పేట

జవాబు: వెయ్యకు చెల్లెమ్మా. నీ పిల్లలకు తల్లి ఉంది. లేనివల్లా రెండు: నెల గడిచేంత డబ్బు, తెల్లవారుజామున ఇంట్లో ఒక పెద్ద దిక్కు. ఈ రెండిటి కోసం పిల్లల్ని దూరం చేసుకోవడం కాదు, ఈ రెండిటినీ అడిగి తెచ్చుకోవాలి. 2015 బాలల న్యాయచట్టం కూడా ఇదే చెబుతోంది. పిల్లల్ని సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక చేయాల్సిన చివరి పని. కానీ మన దగ్గర అదే అందరి నోటా మొదట వచ్చే సలహా అవుతోంది.

ముందు డబ్బు సంగతి. పిల్లల రక్షణ కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ అని ఒక సాయం ఉంది. భర్త పోయిన తల్లి, భర్త వదిలేసిన తల్లి, నయంకాని జబ్బుతో మంచాన పడ్డ తల్లిదండ్రులు, ఇలాంటి ఇళ్ళలో పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. నీ జీతం ఏడాదికి 90,000, కాబట్టి నువ్వు అర్హురాలివే. భర్త మరణ ధ్రువపత్రం, మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం, పిల్లల ఆధార్, బడి నుంచి బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు పట్టుకుని జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అర్జీ పెట్టు. వాళ్ళు ఇల్లు చూసి నివేదిక రాస్తారు, కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ మంజూరు చేస్తుంది. దీంతోపాటు వితంతు పింఛను 2,016 రూపాయలకు తహసీల్దారు ఆఫీసులో అడుగు. పేద కుటుంబంలో సంపాదించే మనిషి అరవై ఏళ్ళ లోపు చనిపోతే ఒకేసారి ఇచ్చే 20,000 రూపాయల జాతీయ కుటుంబ ప్రయోజన పథకం గురించి కూడా అక్కడే అడుగు. ఇద్దరి స్పాన్సర్‌షిప్, పింఛను కలిస్తే నెలకు 10,016 అవుతుంది. నీ జీతం కన్నా ఎక్కువ. ఇదంతా వెంటనే చేతికి రాదు, తిరగాల్సి ఉంటుంది. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకుని దాచుకో.

ఆ 96,000 పరిమితి గురించి ఒక మాట చెప్పాలి. అంటే నెలకు ఎనిమిది వేలు. నీకు ఓనరమ్మ రేపు వెయ్యి రూపాయలు పెంచితే స్పాన్సర్‌షిప్ అర్హత పోతుంది. అమీర్‌పేటలో గది అద్దె ఎంతో తెలిసినవాళ్ళెవరూ ఈ గీత ఇక్కడ గీయరు. దీన్ని పెంచాలని గట్టిగా అడగాల్సిందే.

ఇక పొద్దున నాలుగు నుంచి ఎనిమిది దాకా పిల్లల్ని ఎవరు చూడాలి? పాల్నా పథకం కింద పెట్టే క్రెష్‌లు ఆరేళ్ళ లోపు పిల్లలకు. అవి కూడా చీకటితో పనికి పోయే తల్లుల కోసం తెరిచేవి కావు. మైత్రీవనం చుట్టూ, ఎస్.ఆర్.నగర్ సందుల్లో కోచింగ్ పిల్లల హాస్టళ్ళు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఇడ్లీ పిండి రుబ్బే ఇలాంటి తల్లులు ఎందరున్నారో! హాస్టల్ యజమానులు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక మనవి. స్టోర్ రూములో ఒక చాప పరిచి, బడివేళ దాకా ఇద్దరు పిల్లల్ని పడుకోనివ్వండి. పొయ్యి దగ్గరికి రాకుండా చూస్తే చాలు. ఓనరమ్మతో మాట్లాడటానికి నువ్వు జంకితే, బడి టీచరునో మహిళా సంఘం లీడరునో వెంట తీసుకెళ్ళు.

పాప వచ్చే ఏడు అయిదో తరగతిలో చేరడానికి గురుకుల ప్రవేశ పరీక్ష రాయించవచ్చు. పట్టణాల్లో 2 లక్షల లోపు ఆదాయం ఉంటే చాలు. అది బడి, సెలవులకు పిల్ల నీ దగ్గరికే వస్తుంది. దానికీ హోమ్‌కీ చాలా తేడా ఉంది.

ఆ ‘తెలిసినాయన’ను మాత్రం రెండు అడుగు: ఆ హోమ్‌కు బాలల న్యాయచట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరుస్తారా? జవాబు సరిగ్గా రాకపోతే ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యకు, సంతకం పెట్టకు. రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడపడం నేరం.

ప్రశ్న: రోజూ పంజాగుట్ట మీదుగా ఆఫీసుకు వెళ్తాను. సిగ్నల్ దగ్గర ఒకావిడ చంకలో పసిబిడ్డతో అడుక్కుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇన్ని హారన్ల మధ్య కూడా ఆ బిడ్డ కళ్ళు తెరవడు. డబ్బులివ్వాలా, వద్దా? ఫిర్యాదు చేస్తే తల్లీబిడ్డల్ని విడదీస్తారేమోనని భయం.
- ఒక ఉద్యోగి, సోమాజిగూడ

జవాబు: డబ్బులివ్వకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 1996లో ముంబైలో మొదలైన ఈ నంబరు 2023లో స్వచ్ఛంద సంస్థల చేతుల్లోంచి ప్రభుత్వం చేతికి వచ్చింది. అత్యవసర నంబరు 112తో దాన్ని కలిపారు. ఫోన్‌లో ‘పంజాగుట్ట సిగ్నల్’ అంటే సరిపోదు. దగ్గర్లోని మెట్రో పిల్లర్ మీద రాసిన నంబరు చెప్పండి, ఏ వైపు రోడ్డో చెప్పండి, ఆవిడ ఏ వేళప్పుడు ఉంటుందో చెప్పండి, బిడ్డ మత్తుగా ఉన్నాడని తప్పక చెప్పండి. అది వైద్యం అవసరమైన సంగతి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. కష్టంలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది.

తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది. బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి. అందులో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. పదిహేను రోజుల్లో సామాజిక విచారణ పూర్తి కావాలి, నాలుగు నెలల్లో తుది నిర్ణయం రావాలి. ఆవిడ కన్నతల్లే అయి, దిక్కులేక రోడ్డున పడిందని తేలితే తల్లికి నీడ చూపి బిడ్డను ఆమెతోనే ఉంచడానికి చట్టంలో చోటుంది. బిడ్డను అడ్డం పెట్టుకుని అడుక్కోవడమే ఎవరైనా వ్యాపారంగా నడుపుతుంటే వాళ్ళకు అయిదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. ఇద్దరి కథలూ ఒకటి కావు. ఏది ఏదో తేల్చాల్సింది విచారణ చేసే సోషల్ వర్కరు. మనం కారు అద్దంలోంచి చూసి తీర్పు చెప్పకూడదు.

2017 నవంబరులో నగరంలో పారిశ్రామికవేత్తల అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడు రోడ్ల మీద అడుక్కోవడాన్ని రెండు నెలలపాటు నిషేధించారు. జనాన్ని వ్యాన్లలో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి ఆశ్రమాలకు పంపారు. ఇప్పుడు సిగ్నళ్ళు ఎలా ఉన్నాయో మీరే చూస్తున్నారు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు పిల్లల్ని రోడ్ల మీదినుంచి, కార్ఖానాల నుంచి విడిపిస్తున్నారు. అది మంచి పని, ఆగకూడదు. కానీ విడిపించిన పిల్లవాడి ఇంటికి ఫిబ్రవరిలో ఎవరు వెళ్తున్నారు, మార్చిలో ఎవరు వెళ్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ప్రశ్న: నాకు పదహారేళ్ళు. నాన్న తాగొచ్చి అమ్మను కొడతాడు. మొన్న చెల్లిని కూడా కొట్టాడు. ఫోన్ చేస్తే నన్నూ చెల్లినీ తీసుకెళ్ళిపోతారా? అమ్మ ఒక్కతే అయిపోతుందని చేయట్లేదు.
- ఒక విద్యార్థి, బల్కంపేట

జవాబు: నాన్నా, నువ్వు ఫోన్ చేసినంత మాత్రాన మిమ్మల్ని అమ్మ నుంచి తీసుకెళ్ళరు. దెబ్బలు పడుతున్న క్షణంలో 112కి చెయ్యి. పగలు, అమ్మ పక్కన ఉన్నప్పుడు 181కి చెయ్యి. అది మహిళల హెల్ప్‌లైన్, సఖి కేంద్రానికి దారి చూపుతుంది. అక్కడ కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సలహా దొరుకుతాయి, అవసరమైతే కొన్నాళ్ళు తలదాచుకోవచ్చు కూడా. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు నాన్న పేరు మీదున్నా అమ్మను అందులోంచి వెళ్ళగొట్టే హక్కు ఆయనకు లేదు. అవసరమైతే కోర్టు ఆయన్నే బయటకు పొమ్మనగలదు. లాయరు ఖర్చు గురించి అమ్మను బెంగపడొద్దని చెప్పు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100. నాన్న చెయ్యి ఎత్తినప్పుడు అడ్డం వెళ్ళకు, చెల్లిని తీసుకుని పక్కింటికి వెళ్ళి అక్కణ్ణుంచి ఫోన్ చెయ్యి. ఈ ఇల్లు కాచే భారం నీ ఒక్కడిది కాదు. నీ బడిలో నువ్వు నమ్మే టీచరు ఒక్కరికైనా ఈ వారమే చెప్పు.

ప్రశ్న: పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లలు లేరు. ఒక ఆసుపత్రిలో పనిచేసే ఆవిడ, పేదింటి తల్లి తన ఆడశిశువును ఇస్తానంటోందని, ఖర్చులు పెట్టుకుంటే చాలని చెప్పింది. పుణ్యమే కదా?
- ఒక జంట, ఎల్లారెడ్డిగూడ

జవాబు: కాదమ్మా, అది బిడ్డను కొనడం. కొన్నవాళ్ళకూ అమ్మినవాళ్ళకూ అయిదేళ్ళ దాకా జైలు ఉంటుంది. మధ్యలో ఆసుపత్రి సిబ్బంది ఉంటే వాళ్ళకు మూడు నుంచి ఏడేళ్ళు. మీరు పెంచుకున్న బిడ్డను రెండేళ్ళకో మూడేళ్ళకో పోలీసులు తీసుకెళ్తే ఆ పసిది ఏమైపోతుందో ఆలోచించండి. దత్తతకు కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. ఏళ్ళు పడుతుంది, నిజమే. మీకు కూతవేటు దూరంలో, యూసుఫ్‌గూడ స్టేట్ హోమ్ ప్రాంగణంలోనే ప్రభుత్వ శిశుగృహం శిశువిహార్ ఉంది. దారి ఎలాగో అక్కడ అడగవచ్చు.

ఆ తల్లి గురించి కూడా చెప్పాలి. నిజంగా పెంచలేని స్థితి ఉంటే ఆమె బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి చట్టం రెండు నెలలు ఇస్తుంది. కానీ చాలామంది తల్లులకు కావలసింది అప్పగింత కాదు, బాలింతగా ఉన్న ఆ నాలుగు నెలలు ఎవరో ఒకరు తోడుండటం. ఆ ఆసుపత్రి ఆవిడ మాట నిజమే అయితే 1098కి చెప్పండి.

ప్రశ్న: మా బస్తీలో అయిదుగురు పిల్లలు బడి మానేశారు. ఇద్దరు చాయ్ హోటల్లో, ఒక పాప అపార్ట్‌మెంట్లో పనికి పోతున్నారు. ఆఫీసర్లు రారు. మాలాంటివాళ్ళం ఏం చేయగలం?
- మహిళా సంఘం సభ్యురాలు, బి.కె.గూడ

జవాబు: ఆఫీసర్లు ఎందుకు రారో ముందు చెప్తాను. మిషన్ వాత్సల్య నమూనాలో జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు సోషల్ వర్కర్లు ఇద్దరు, ఇళ్ళ దాకా వెళ్ళే ఔట్‌రీచ్ వర్కర్లు ఇద్దరు. 2011 లెక్కల్లోనే హైదరాబాద్ జిల్లా జనాభా 39 లక్షలు దాటింది. ఇంత జనానికి ఆ నలుగురు ఏ మూలకు? పిల్లల రక్షణ అంటే కొత్త భవనాలు, కొత్త యాప్‌లు అనుకుంటున్నారు గానీ, ఇప్పుడు కావలసింది వారం వారం గుమ్మం ముందుకొచ్చి ‘పాప బడికి పోతున్నదా?’ అని అడిగే జీతమున్న మనుషులు. ప్రతి వార్డుకూ ఒకరు ఉండాలి.

వాళ్ళు వచ్చేదాకా ఆగమని నేననను. సామాజిక కార్యకర్త శాంతా సిన్హా, ఆమె సంస్థ ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు 1990లలో రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో చేసింది మీరు చేయగలిగిందే. ఊళ్ళోని చదువుకున్న కుర్రకారు ఇల్లిల్లూ తిరిగి, తల్లిదండ్రులతో మాట్లాడి, వెట్టికి పోయే పిల్లల్ని బడికి చేర్చారు. పిల్లలు పనికి పోతేనే ఇల్లు గడుస్తుందన్న మాటను వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ పనికే ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది.

మీ బస్తీలో అంగన్‌వాడీ టీచరు, ఆశా, బడి హెడ్మాస్టరు, మీ సంఘం నుంచి ఇద్దరు కూర్చోండి. వార్డు స్థాయి బాలల సంరక్షణ కమిటీకి మిషన్ వాత్సల్యలోనే చోటుంది, అది మీ వార్డులో ఉందో లేదో కనుక్కోండి. ఒక నోటుబుక్కులో ఆ అయిదుగురి పేర్లు, వయసు, ఎందుకు మానారు, ఇంట్లో ఏం కష్టం వచ్చింది, రాయండి. టీసీ లేదని, వయసు రుజువు లేదని ప్రభుత్వ బడి చేర్చుకోనంటే విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఇంటిపనిలో, హోటల్లో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. యజమానితో మీరు గొడవ పడకండి, 1098కి చెప్పండి. అంతకన్నా ముందు ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళి, స్పాన్సర్‌షిప్‌కో పింఛనుకో ఎవరు అర్హులో చూసి అర్జీలు రాయించండి. ఆ డబ్బు రాకముందే పిల్లను పనిలోంచి తప్పిస్తే, నెల తిరక్కుండా ఇంకో అపార్ట్‌మెంట్లో కనిపిస్తుంది.

అర్జీలకు జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు వినే ప్రజావాణికి వెళ్ళండి. బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో జరిగే ప్రజావాణి మీకు ఇంకా దగ్గర. ఒక్కరు కాకుండా పదిమంది కలిసి వెళ్ళండి, ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి.