ఫోన్ వస్తే ఏడుపే వస్తోంది

ప్రశ్న: మాది ఆలేరు. పెళ్లయి రెండు నెలలు కాలేదు. సరిహద్దులో ఉద్రిక్తత అని సైన్యంలో ఉన్న మా ఆయనను సెలవు మధ్యలోనే పిలిపించారు. ఎప్పుడో ఫోన్ వస్తే నాకు ఏడుపు, ఆయనకు విసుగు. దూరమైపోతున్నామా?

జవాబు: లేదమ్మా. ఎక్కడున్నదీ చెప్పకూడదన్నది ఆయన కొలువు నియమం. అది మీకు దాపరికంలా తోస్తోంది. మీ ఏడుపేమో ఆయనకు తన తప్పులా వినిపిస్తోంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడూ కొత్త పెళ్లికొడుకులు కొందరు ఇట్లాగే బయల్దేరారు.

"ఎప్పుడొస్తావ్" అన్నది మొదటి మాట కావద్దు. అత్తమ్మ సర్వపిండి మాడబెట్టిన సంగతి చెప్పండి, ఆయన నవ్వాలి. అందని కాల్ గురించి నిలదీయకండి, అక్కడ సిగ్నల్ ఆయన చేతిలో లేదు. ఉత్తరం రాయండి. 56 ఏపీఓ, 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామాల మీద ఊరి పేరు లేకుండానే చేరుతుంది, డ్యూటీ దిగాక పదిసార్లు చదువుకుంటారు. ఫోన్‌కు ఆ సుఖం లేదు. టీవీ వార్తలు రోజుకొక్కసారి చాలు. ఆయన కదలికలు స్టేటస్‌లో అస్సలు పెట్టకండి. పెళ్లి యూనిట్ రికార్డుల్లో నమోదైందో లేదో కూడా అడగండి, కొత్త జంటలు మరిచేది ఇదే.

రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగా లేకపోతే డాక్టర్‌ను కలవండి. చావు ఆలోచన వస్తే ఆ క్షణమే టెలీ మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. రికార్డుల చిక్కులకు సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.