కుంచె అక్షరములు

కుంచెతో వ్రాసినట్లుండు అచ్చక్షరములలో “బ్రష్ స్క్రిప్ట్” మిక్కిలి ప్రసిద్ధము. దీనిని అమెరికాలో రాబర్టు ఇ. స్మిత్తు 1942లో రూపొందించెను. ఇందలి ఇంగ్లీషు చిన్నబడి అక్షరములు చేయిచేయి పట్టుకొని పరుగెత్తు బాలురవలె నుండును. పెద్దబడి అక్షరములు మాటకు మొదట నిలువదగినవే కాని, మాటయంతయు వానితోనే కూర్చినచో చదువుట కష్టము. అంగడిపలకలకును, ఆహ్వానపత్రముల శీర్షికలకును ఇట్టివి తగును, పాఠమునకు తగవు.

తెలుగున మఱింత జాగ్రత్త వలయును. ‘ప’ను ‘ఫ’గా జేయునది అడుగునున్న చిన్నగీతయే గదా! మేమొకసారి “పరీక్షా ఫలితములు” అని కుంచెరీతి అక్షరములతో మిక్కిలి చిన్నవిగా అచ్చొత్తించితిమి. మందపుగీతలలో నా చిన్నగీత మునిగిపోయి, “పలితములు” అయ్యెను. పలితమనగా నరసిన వెండ్రుక. మా తెలుగు పండితులవారు చదివి, తమ తల తడవుకొనిరి! ఆ మాటనే నాలుగింతలు పెంచి మరల నచ్చొత్తింపగా గీత తేటగా కనబడెను.