ఉప్పెన తరువాత

ప్రకృతి విపత్తు సంభవించిన దినము పత్రికలలో కనబడును. తరువాతి పది సంవత్సరములు కనబడవు. విద్యార్థులు పరిశీలింపవలసినది ఆ పది సంవత్సరములనే యని నా అభిప్రాయము. అందులకు తెలుగునాట దివిసీమను మించిన పాఠము లేదు.

1977 నవంబరు 19న తుపానుతో కూడ సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి, కృష్ణానది పాయల నడుమనున్న ఆ సీమను ముంచివైచినది. ప్రభుత్వపు లెక్కల ప్రకారము దాదాపు 10,000 మంది మరణించిరి; అంతకంటె ఎక్కువ అనువారును కలరు. పూరియిండ్లవారికి ఎక్కుటకు ఎత్తైన చోటు లేదు. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు ఊరూర తిరిగి విరాళములు పోగుచేసిరి. బియ్యము, బట్టలు వచ్చినవి. అది సహాయము, పునర్నిర్మాణము వేరు.

ఉప్పునీరు నిలిచిన పొలము, ఆ నీరు తీసినంత మాత్రమున సాగునకు రాదు. కాలువ నీటిని మడులలో నిలిపి, మట్టిని పట్టిన ఉప్పును కరగించి, మురుగు కాలువల గుండా వెలుపలికి పంపవలెను. మురుగు కాలువ పూడియున్నచో ఎంత మంచినీరు పెట్టినను వ్యర్థము. రైతునకు ఎద్దులు కావలెను, జాలరికి పడవయు వలయు కావలెను. పొలమే లేని కూలివానికో, పంటనష్టము క్రింద వచ్చునది ఏమియు లేదు!

తీరమున తుపాను రక్షణ భవనములు కట్టిరి. ఇట్టి భవనమును మామూలు రోజులలో బడిగా వాడినచో, దాని దారి ఊరివారందరికి తెలిసియుండును. ఊరక మూసిపెట్టినది శిథిలమగును. 1990 మే నెలలో తీవ్రమైన తుపాను అదే కృష్ణాతీరమును తాకినపుడు, లక్షలాది జనులను ముందుగానే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపు. రెండు తుపానులును సరిసమానము కాకపోయినను, ఈ భేదములో ముందు జాగ్రత్త పాలే ఎక్కువ.

కార్వేటినగరమునకు సముద్రము రాదు కదా యని మిత్రులు అడుగవచ్చును. మనపైకి వచ్చునది చెరువు. 2021లో, విచిత్రముగా అదే నవంబరు 19న, చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములను ముంచెను. దివిసీమలో ఉప్పు మిగిలినట్లు అచట పొలములపై ఇసుక మేట వేసినది. ఉప్పును నీరు కడుగును. ఇసుకను మనిషియే ఎత్తివేయవలెను. ఆ రోజులలోనే రామచంద్రాపురము వద్ద రాయలచెరువు కట్ట కారుచుండగా, దిగువ గ్రామములను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు వేసి కట్టను నిలిపిరి.

కరువు సీమలో చెరువు ఏండ్ల తరబడి ఎండియుండును. అప్పుడు కట్టపై కంపచెట్లు మొలచును, మొరవ పూడును, వాగు దారిలో ఇండ్లు లేచును. నీరు వచ్చిన రాత్రి ఈ మూడును ఒక్కసారి అడ్డుపడును. మన మండలపు చెరువుల తూములు, మొరవలు ఎచ్చట నున్నవో, పొర్లిన నీరు ఏ దారిన పోవునో చూపు పటమును గీయుట వేసవి సెలవులలో మన విద్యార్థులకు సాధ్యమైన పని. కళాశాలా సంఘమువారు అనుమతించినచో, దాని ప్రతులను తెలుగులోను ఉర్దూలోను వ్రాసి ప్రతి పంచాయతీ కార్యాలయమునకు ఈయవచ్చును.