కొలెస్టరాల్: మన వంటనూనె లెక్క

గుండెపోటు పట్నంలో కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళ జబ్బని మన పల్లెల్లో ఇప్పటికీ ఒక నమ్మకం. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2004 అక్టోబరు దాకా ఒక ఏడాది, జరిగిన మరణాలకు కారణాలు ఇంటింటికీ వెళ్ళి ఆరా తీశారు. సుమారు 1,350 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటువ్యాధులవి 12 శాతం. పొలం పని చేసుకునే ఊళ్ళ లెక్క ఇది.

అందుకు కారణాలు చాలా ఉన్నాయి. బీపీ, షుగర్, పొగాకు, వంశం. కొలెస్టరాల్ కూడా వాటిలో ఒకటి. అది విషం కాదు. మన కాలేయమే తయారుచేస్తుంది, ఒంటికి కావాలి కూడా. ఎల్‌డీఎల్ రూపంలో ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. రిపోర్టు రాగానే 'టోటల్' అన్న గీత ఒక్కటి చూసి మడిచి పెట్టేస్తాం. చూడవలసింది ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. ఎల్‌డీఎల్ 100 లోపుంటే మంచిది, 160 దాటితే ఎక్కువ. 190 దాటితే పథ్యం ఒక్కటే చాలదు, డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిందే.

గుడ్డు మానేశామని చెప్పేవాళ్ళు చాలామంది. నూనె సంగతి అడిగితే మాత్రం 'మామూలే' అంటారు. బడిలో చేయించినట్టు ఒక లెక్క చేద్దాం. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు ఖర్చయితే, మనిషికి రోజుకు 30 గ్రాములు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. ఎల్‌డీఎల్‌ను పెంచేది అదే. పామోలిన్‌లో అంతకు కొంచెం తక్కువ. ఆ 30 గ్రాముల్లో 13 గ్రాముల దాకా అదే ఉంటుంది. మామూలు మనిషి రోజంతటికీ 22 గ్రాములు మించకూడదంటారు. పాలు, మాంసం, నెయ్యి లెక్కలోకి రాకముందే సగం పైగా అయిపోయింది! అదే పొద్దుతిరుగుడు నూనెయితే మూడు, నాలుగు గ్రాములు. మన రైసుమిల్లుల తవుడు నుంచి తీసే నూనెయితే ఆరేడు.

ఏలూరు పక్కన పెదవేగిలోనే ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది, చుట్టుపక్కల రైతులు ఆ గెలల మీద బతుకుతున్నారు. ఆ పంటను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఒకే నూనె, అదీ ఏడాది పొడుగునా, చేతికొచ్చినంత పోయడం గురించే చెబుతున్నాం. ఇక వలీమా బిర్యానీలో డాల్డా. 2022 జనవరి నుంచి నూనెలు, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని దేశమంతటా నియమం ఉంది. సంతృప్త కొవ్వు మాత్రం డాల్డాలో అలాగే ఉంది. ఇఫ్తార్ సమోసాలు, బజ్జీలు వేయించి మిగిలిన నూనెను మర్నాడు మళ్ళీ కాచడం అసలే వద్దు.

మాంసం మానమని మేము అనం. వారంలో రెండు రోజులు దాని బదులు కొల్లేటి చేప తినమంటాం. శీలావతైనా, బొచ్చైనా, కొర్రమీనైనా పులుసు పెడితే మేలు. అదే చేప నిండా నూనెలో వేయిస్తే కథ మొదటికొస్తుంది. పప్పు, శనగలు, ఆకుకూరలు, ఓట్స్ వంటి వాటిలోని పీచు ఎల్‌డీఎల్‌ను కొంత దించుతుంది. తెల్లన్నం కుప్ప, చక్కెర టీలు తగ్గిస్తే ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి.

నడక వారానికి 150 నిమిషాలు, కొంచెం చెమట పట్టేలా. దీనివల్ల ఎల్‌డీఎల్ పెద్దగా తగ్గదు, ముందే చెబుతున్నాం. ట్రైగ్లిజరైడ్లు, బీపీ, షుగర్ అదుపులోకి వస్తాయి. రెండు వీధుల అవతల మసీదుకు స్కూటరు తీసేవాళ్ళం ఫజర్‌కైనా నడిచి వెళ్ళవచ్చు.

ఏలూరు, తాడేపల్లిగూడెం మందుల షాపుల్లో ఇప్పుడు వెల్లుల్లి గుళికలు, చేపనూనె గొట్టాలు, పసుపు మాత్రలు వరసగా పేర్చి ఉంటున్నాయి. అమెరికాలో వీటినీ, దాల్చినచెక్క మొదలైన మరికొన్నిటినీ ఒక చిన్న మోతాదు స్టాటిన్ మాత్రతో పోల్చి చూశారు. ఫలితం 2022లో వచ్చింది. 28 రోజుల్లో స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ సుమారు 38 శాతం తగ్గింది. మిగతావేవీ ఉత్తుత్తి మాత్రకన్నా చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. వీటిని నమ్మి డాక్టరు రాసిన మాత్ర ఆపడమే అసలు ప్రమాదం. ఇసబ్‌గోల్ పొట్టు కొంత పనిచేస్తుంది. నిండా నీళ్ళతో, మందులకు ఎడంగా తీసుకోవాలి.

దాతలకు ఇదంతా ఎందుకంటే, రంజాన్‌లో పంచే కిట్ మీ చేతుల మీదుగానే వెళ్తుంది. చాలాచోట్ల అందులో ఉండేది పామోలినే, ధర తక్కువ గనుక. రెండు ప్యాకెట్లలో ఒకటి తవుడు నూనె పెట్టి, డాల్డా ఉంటే తీసేసి శనగలు చేరిస్తే కిట్‌కు ఎంత తేడా పడుతుందో హోల్‌సేల్ కొట్లో అడిగి, ఈసారి జాబితా రాసే సమావేశానికి ఆ ధరల చీటీతో రమ్మని మా మనవి. కిట్ తీసుకునే ఇళ్ళలో నలభై దాటినవారికి ఒక లిపిడ్ పరీక్ష చేయించడానికి ఎంతవుతుందో కూడా అదే చీటీ వెనక రాసుకు రండి.