ఆటలో మర్యాద: బ్యాడ్మింటన్ నేర్పే పాఠం

1949 ఫిబ్రవరి 21వ తేదీన పుదుచ్చేరి పట్టణంలోని శ్రీ అరవింద ఆశ్రమం నుండి శారీరక విద్యను గురించిన ఒక త్రైమాసిక పత్రిక తొలి సంచిక వెలువడింది. ఆనాటికి ఆ పట్టణం ఇంకా ఫ్రెంచి పాలనలోనే ఉన్నది. అది ఆచరణలో భారతదేశంలో చేరినది 1954 నవంబరు 1న. చట్టరీత్యా చేరినది 1962 ఆగస్టు 16న. ఆ తొలి సంచికకు సందేశం వ్రాసినవారు శ్రీ అరవిందులు. 1926 నుండి ఏకాంతవాసంలో ఉంటూ, సంవత్సరంలో కొద్ది దినాలు మాత్రమే దర్శనమిస్తూ వచ్చిన డెబ్బైఆరేళ్ళ తత్త్వవేత్త ఆటలను గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఆశ్రమ పాఠశాలలో అప్పటికే వ్యాయామం, క్రీడలు నిత్య కార్యక్రమంలో భాగమై ఉన్నవి. శ్రీమాతగా ప్రసిద్ధి చెందిన మిర్రా అల్ఫాస్సా డెబ్బై ఏళ్ళు దాటిన వయస్సులో సైతం టెన్నిస్ ఆడేవారు.

ఆ సందేశం ఆటలవల్ల కలిగే ఆరోగ్యంతోను, దేహదార్ఢ్యంతోను ఆగిపోలేదు. క్రీడాస్ఫూర్తి అంటే ఏమిటో అందులో శ్రీ అరవిందులు విడమరచి చెప్పారు. ప్రసన్నత, సహనం, ఇతరుల పట్ల ఆదరణ, పోటీదారుతో స్నేహభావం, ఆత్మనిగ్రహం, ఆట నియమాలను తు.చ. తప్పక పాటించడం, అక్రమ మార్గాలను విడనాడడం, గెలుపు ఓటములను సమంగా స్వీకరించడం, గెలిచినవానిపై కినుక లేకపోవడం, న్యాయనిర్ణేత తీర్పును మనస్ఫూర్తిగా అంగీకరించడం - ఇవి వారు పేర్కొన్న గుణాలు. ఇవి ఆటస్థలానికే పరిమితం కాదనీ, జాతి జీవనంలోను, దేశాల పరస్పర వ్యవహారాలలోను ఇవి వ్యాపిస్తే కల్లోలితమైన ఈ ప్రపంచం కొంత సుగమమవుతుందనీ వారి అభిప్రాయం. రెండవ ప్రపంచయుద్ధం ముగిసి నాలుగేళ్ళయినా కాలేదు. దేశవిభజన గాయాలు పచ్చిగానే ఉన్నవి. ఆ నేపథ్యంలో చదివితే ఈ జాబితా బడిపిల్లలకు చెప్పే నీతివాక్యాల వరుసగా కనిపించదు.

బ్యాడ్మింటన్ ఆడే విద్యార్థి ఈ జాబితాను ఎదుట పెట్టుకొని తన ఆటను పరీక్షించుకోవచ్చును. అప్పుడు ఒక విషయం తేటపడుతుంది. పెద్ద పోటీలలో అంపైరు, సర్వీసు జడ్జి, లైన్ జడ్జీలు ఉంటారు. కొన్ని పోటీలలో షటిల్ గీత లోపల పడినదో వెలుపల పడినదో యంత్రం చూపుతుంది. కాని దేశంలో జరిగే ఆటలో అత్యధిక భాగం ఇటువంటి ఏర్పాట్లేవీ లేనిదే. కళాశాల ఆవరణలోనో, కార్యాలయపు క్లబ్బులోనో, వీధి చివరి ఖాళీస్థలంలోనో నలుగురు రాకెట్లు పట్టుకొని నిలబడతారు. అక్కడ ఆడేవాడే న్యాయనిర్ణేత, ఆడేవాడే కక్షిదారు. ఈ ఇమడని రెండు పాత్రలను ఒకే మనిషి పోషించవలసి రావడంలోనే బ్యాడ్మింటన్ మర్యాద అంతా ఉన్నది.

ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలను కొంచెం తెలుసుకోవడం మంచిది. ఈకలు గుచ్చిన బెండును బ్యాటుతో గాలిలోకి కొట్టే ఆట ఐరోపాలో ప్రాచీనమైనది. ఫ్రెంచివారు ఆ ఈకల బంతిని 'వోలాన్' అంటారు. ఎగిరేది అని దాని అర్థం. పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు షార్డాన్ గీసిన ఒక ప్రసిద్ధ చిత్రంలో ఒక బాలిక చేతిలో రాకెట్టు, షటిల్ కనిపిస్తాయి. నడుమ నెట్ కట్టి నియమాలు ఏర్పరచిన ఆట మాత్రం పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో మన పూనా నగరంలోని బ్రిటిషు సైనికాధికారుల మధ్య రూపుదిద్దుకొన్నది. పేరు ఇంగ్లండులోని బ్యాడ్మింటన్ భవనం నుండి వచ్చింది. 1934లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యదేశాలు తొమ్మిది. వాటిలో ఫ్రాన్సు ఒకటి. భారతదేశం రెండేళ్ళ తరువాత చేరింది.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలుగా ఉన్న సంగతి తెలిసినదే. పుదుచ్చేరి, కారైక్కాల్ తమిళనాట ఉన్నవి. మాహే కేరళ తీరాన, యానాం గోదావరి జిల్లాల నడుమ ఉన్నవి. యానాం నుండి రాజధానికి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ఆ ప్రాంతపు జట్టులో ఒక తెలుగు బాలుడు, ఒక తమిళ బాలుడు, ఒక మలయాళీ బాలుడు పక్కపక్కన నిలబడే అవకాశం ఎప్పుడూ ఉన్నది. వారి మాటలు వేరు. ఆటలో లెక్క చెప్పే పద్ధతి అందరికీ ఒక్కటే. 'లవ్ ఆల్' అనగానే ఆట మొదలవుతుంది. సున్నాకు 'లవ్' అన్న మాట ఫ్రెంచిలో గుడ్డుకు ఉన్న పేరునుండి వచ్చినదని కొందరంటారు. దానికి రుజువు లేదు గాని, పుదుచ్చేరిలో చెప్పుకోవడానికి ఆ ఊహ బాగానే ఉంటుంది.

ఇక అసలు విషయం. షటిల్ ఏ వైపు కోర్టులో పడితే ఆ వైపువారే అది లోపలో వెలుపలో చెప్పాలి. గీతమీద పడితే లోపల పడినట్లే. నిశ్చయంగా కనబడనప్పుడు పాయింటు ఎదుటివానికి ఇవ్వాలి. ఇది చట్టపుస్తకంలోని నియమం కంటె పాత సంప్రదాయం. 'నాకు సరిగా కనబడలేదు, అందుచేత అవుట్' అనే తర్కం మన కోర్టులలో తరచుగా వినిపిస్తుంది. కనబడనిది తనకు అనుకూలంగానే పడినదని నమ్మడం మనస్సు స్వభావం. ఆ స్వభావాన్ని అదుపులో పెట్టడమే ఇక్కడి సాధన. ఇద్దరికీ నిజంగా సందేహమే అయితే 'లెట్' అని ఆ పాయింటును తిరిగి ఆడుకోవచ్చును. కాని ఓడిపోతున్న ప్రతిసారీ 'లెట్' కోరేవాడు కూడా మర్యాద తప్పినవాడే.

గీతల సంగతి కనీసం నలుగురి కళ్ళ ఎదుట జరుగుతుంది. అంతకంటె సూక్ష్మమైనవి కొన్ని ఉన్నవి. షటిల్ ఆటగాని జుట్టునో చొక్కా అంచునో తాకి పోతే అది తప్పు. వెలుపలికి పోతున్న షటిల్‌ను రాకెట్టు అంచు వెంట్రుకవాసి తాకినా తప్పే. ఆట నడుస్తుండగా రాకెట్టుగాని, దేహంగాని, దుస్తులుగాని నెట్‌ను తాకరాదు. వీటిలో చాలావరకు ఆ ఆటగానికి ఒక్కనికే తెలుస్తాయి. వేళ్ళకు తగిలిన ఆ చిన్న అదురు ఎదుటివానికి వినబడదు, అంపైరుకు కనబడదు. అప్పుడు చెయ్యెత్తి 'తగిలింది' అని చెప్పినవాడు ఒక పాయింటు పోగొట్టుకొంటాడు. శ్రీ అరవిందుల జాబితాలోని 'నియమాలను తు.చ. తప్పక పాటించడం' అనే మాటకు పూర్తి బరువు వచ్చేది ఇటువంటి చోటనే.

సర్వీసు విషయంలో రెండు మాటలు. అందుకొనేవాడు సిద్ధం కాకముందే షటిల్ కొట్టరాదు. అలాగని సిద్ధం కానట్లు నటిస్తూ కాలయాపన చేయనూరాదు. అతడు తిప్పికొట్టడానికి ప్రయత్నించాడంటే సిద్ధంగా ఉన్నట్లే. సర్వీసు సమయంలో షటిల్ నేలనుండి 1.15 మీటర్లకు మించని ఎత్తులో ఉండాలన్నది 2018లో వచ్చిన నియమం. కొలిచేవారు లేని కోర్టులో దానిని పాటించడం సర్వీసు చేసేవాని వంతు. షటిల్ వేగం మార్చడానికి ఈకలను విరవడం, వంచడం నిషిద్ధం. తన వైపు పడిన షటిల్‌ను వంగి తీసి ఎదుటివానికి అందేలా పంపాలి. కాలితో తన్నడం, నెట్ కిందుగా దొర్లించడం మర్యాద కాదు. షటిల్ నెట్ పై అంచును తాకి అటువైపు జారిపడి పాయింటు వచ్చినప్పుడు చెయ్యెత్తి మన్నింపు సూచించడం సర్వత్రా ఉన్న ఆచారం.

అంపైరు ఉన్నచోట మరొక పరీక్ష ఎదురవుతుంది. 2022 ఏప్రిల్ చివర మనీలాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో పి.వి. సింధు జపాన్ క్రీడాకారిణి అకానె యమాగుచిపై మొదటి గేము 21-13తో గెలిచి, రెండవ గేములో 14-11 ఆధిక్యంలో ఉన్నది. సర్వీసుకు ఆలస్యం చేసినదని అంపైరు ఒక పాయింటును ప్రత్యర్థికి ఇచ్చారు. ఎదుటి క్రీడాకారిణి సిద్ధంగా లేనందువల్లనే ఆగవలసి వచ్చినదని సింధు వాదించింది. రెఫరీ వచ్చినా తీర్పు మారలేదు. ఆ తరువాత సింధు ఆట లయ తప్పింది. 19-21, 16-21తో మ్యాచి చేజారింది. ఆమె వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. కొద్ది నెలలకు ఆసియా సమాఖ్య సాంకేతిక సంఘాధ్యక్షుడు, జరిగినది మానవ తప్పిదమని ఒప్పుకొంటూ ఆమెకు క్షమాపణ తెలిపారు. ఫలితం మాత్రం మారలేదు. తీర్పును అంగీకరించడమంటే అన్యాయం జరిగినప్పుడు నోరు మూసుకోవడమని అర్థం కాదు. కోర్టులో అడగవలసినది అడిగి, ఆడవలసినది ఆడి, చెప్పవలసినది తరువాత వ్రాతలో చెప్పడానికి మార్గమున్నది. పోయిన ఒక్క పాయింటుతోపాటు మనస్సు కూడా పోతే నష్టం రెట్టింపవుతుంది. ఇది ఎంతటివారికైనా కష్టమే.

నియమాన్ని అక్షరాలా తప్పకుండానే ఆటకు ద్రోహం చేయడమూ సాధ్యమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్ గ్రూపు పోటీలలో నాలుగు జంటలు తరువాతి దశలో తమకు అనుకూలమైన ప్రత్యర్థులు దొరకాలని కావాలనే ఓడిపోవడానికి ప్రయత్నించాయి. సర్వీసులను నెట్‌కు కొట్టారు. షటిల్‌ను వెలుపలికి పంపారు. డబ్బు పెట్టి టిక్కెట్లు కొన్న ప్రేక్షకులు ఈసడించుకొన్నారు. చైనా జంట ఒకటి, దక్షిణ కొరియా జంటలు రెండు, ఇండొనేసియా జంట ఒకటి పోటీనుండి బహిష్కృతమైనవి. శక్తివంచన లేకుండా ఆడకపోవడమే వారి నేరం. ఆ పోటీలలోనే హైదరాబాదుకు చెందిన జ్వాలా గుత్తా, అశ్వినీ పొన్నప్పల జంట పాయింట్ల స్వల్ప వ్యత్యాసంతో క్వార్టర్ ఫైనల్ అవకాశం కోల్పోయింది. తమ గ్రూపులోని మరొక మ్యాచిపై భారతదేశం ఇచ్చిన ఫిర్యాదు తిరస్కృతమైనది. ఒకరు పూర్తి శక్తితో ఆడకపోతే ఆ కోర్టులో లేని మూడవవాని శ్రమ వ్యర్థం కావచ్చును. పాఠశాలలో బలహీనునితో ఆడేటప్పుడు వెక్కిరింతగా చేతులు జారవేసి ఆడే విద్యార్థి సైతం ఈ తప్పే చేస్తున్నాడు. బలహీనుడు కోరేది జాలి కాదు, ఆట.

డబుల్స్‌లో మర్యాద నెట్‌కు ఇవతలి వైపు కూడా అవసరం. జోడీవాడు తప్పు చేసినప్పుడు నోటితో ఏమీ అనకుండా ప్రేక్షకులవైపు చూసి పెదవి విరిచేవారు ప్రతి కళాశాలలోను ఉంటారు. ఆ చూపు మాటకంటె కటువైనది. ఐదేసిమంది ఆడే మన బాల్ బ్యాడ్మింటన్‌లో దీని విలువ మరింత తెలుస్తుంది. ఊలు బంతితో ఆరుబయట ఆడే ఆ ఆట ఆంధ్ర, తమిళ దేశాలలో విరివిగా వ్యాపించింది. 1970లో ఆ ఆటకు తొలి అర్జున పురస్కారం పొందినవారు తెలుగువారైన జమ్మలమడక పిచ్చయ్య. సముద్రపు గాలి వీచే పుదుచ్చేరి వంటి ఊరిలో ఆరుబయట ఈకల షటిల్ కంటె ఊలు బంతే మాట వింటుంది. అయినా ఏ వైపు గాలి అనుకూలమో ఆ వైపే నిలవాలని తగవులాడేవారికి లోటు లేదు. గేము ముగిసినప్పుడు కోర్టు వైపులు మారడమనే నియమం ఉన్నది ఇటువంటి తగవులు తీర్చడానికే.

మిగిలినది ఓటమి. 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో సింధు తొలి గేము 21-19తో గెలిచి, తరువాతి రెండూ 12-21, 15-21తో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌కు కోల్పోయింది. గెలిచిన మారిన్ నేలపై పడి ఏడుస్తుండగా, ఓడిన సింధు నెట్ దాటి వెళ్ళి ఆమెను లేవదీసి కౌగిలించుకొన్నది. కోర్టులో పడి ఉన్న ప్రత్యర్థి రాకెట్టును తీసి దాని చోట పెట్టింది. ఆ దృశ్యాన్ని దేశమంతా మెచ్చుకొన్నది. ఆ ఇద్దరే ఏడేళ్ళ తరువాత, 2023 అక్టోబరులో డెన్మార్క్ ఓపెన్ సెమీఫైనల్‌లో తలపడ్డారు. కేకలు మితిమీరినవి, మాటా మాటా పెరిగింది, అంపైరు ఇద్దరికీ పసుపుపచ్చ కార్డు చూపి హెచ్చరించవలసి వచ్చింది. మారిన్ మూడవ గేము 21-7తో గెలిచి ఫైనల్‌కు వెళ్ళింది. మ్యాచి ముగిసిన పిదప ఇద్దరూ బహిరంగంగానే స్నేహపూర్వకమైన సందేశాలు ఇచ్చిపుచ్చుకొన్నారు. రియో దృశ్యం చూపి విద్యార్థులకు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు డెన్మార్కు దృశ్యాన్ని దాచనవసరం లేదు. రెండింటిలోను ఉన్నవారు వారే.